సరోజమ్మ ఇంటికి పోయిన పిల్లి

సరోజమ్మ చచ్చిపోయిందని పక్కింటామె వచ్చి చెప్పినప్పుడు నేను ఉగ్గాని తింటున్నాను. అయ్యో అనలేదు. చేతిలో ఉన్న మిరపకాయ బజ్జీ కొరికి, నమిలి, మింగి, "ఎప్పుడంట?" అని అడిగాను. తెల్లవారుజామున అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఆదోనిలో మా వీధి వీధంతా ఆ పూట అటే నడిచింది. మా అమ్మాయి షాహీన్ తాను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, చీర మార్చుకుని, "నువ్వు రావా మా?" అని గడపలో నిలబడింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయన్నాను. అవే మోకాళ్లతో ఆ మధ్యాహ్నం మిద్దె ఎక్కి మిరపకాయలు ఎండబోసి వచ్చాను. ఎనభై దాటిన ముసలామె పోతే పోయి చూడని ఆడదాని గురించి వీధిలో ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోనీ. పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతూ ముప్పై ఏళ్లు ఓర్పు గురించి, క్షమ గురించి బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. బోర్డు మీద రాసినవన్నీ నేను నమ్మానని ఎవరూ అనుకోనక్కరలేదు.

మాది ఎమ్మిగనూరు. దూదేకుల ఇల్లు. ఒక పక్క మగ్గాలవాళ్ల సందు, ఇంకో పక్క మేము. పొద్దున లేస్తే అటునుంచి మగ్గాల టకటక, ఇటునుంచి మా నాయన విల్లు టంయ్ టంయ్‌మనడం. ఆ రెండు చప్పుళ్ల మధ్య పెరిగినందుకేమో, నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. మా నాయన ఫక్కీరప్ప ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుని, పైకప్పు నుంచి వేలాడే విల్లును ఎడమ చేత్తో పట్టి, కుడి చేత్తో కొయ్యగుండుతో నారిని మీటేవాడు. గట్టిపడిన దూది ఆ నారికి తగిలి పొగలా లేచేది. మా అమ్మ కింద కూర్చుని దూదిలో మిగిలిన గింజలు, ఎండాకు తునకలు ఏరేది. నాయన వాళ్ల అమ్మ, మా జేజి, పరుపుల గుడ్డ కుట్టేది. దూది నుసి మా రెప్పల మీద, తలలో, జొన్నరొట్టె మీద, నంజుకునే ఊరిబిండిలో కూడా ఉండేది. మగ్గాలవాళ్లు నూలుకు పెట్టడానికి కాచే గంజి వాసన పొద్దున కమ్మగా ఉండి, సాయంత్రానికి పులిసిపోయేది. పొద్దెంతైందో మా జేజి ఆ వాసనను బట్టే చెప్పేది.

మా పిల్లి ఆ మగ్గాల సందులోంచే వచ్చింది. తల్లి చచ్చిపోయి, కళ్లు కూడా సరిగా తెరవని కూన గోడ పక్కన అరుస్తుంటే ఒళ్లో వేసుకుని తెచ్చాను. మేకపాలలో దూది వత్తి ముంచి నోట్లో పెడితే చప్పరించింది. తెల్లటిది. వీపు మీద బూడిద రంగు మచ్చ ఒక్కటి. పెద్దదయ్యాక దూది కుప్పలో పడుకుంటే ఆ మచ్చ తప్ప ఇంకేం కనపడేది కాదు. పని మొదలుపెట్టే ముందు మా నాయన నారిని చిన్నగా, వేలితో ఒక్కసారి మీటేవాడు. అది లేచి, ఒళ్లు విరుచుకుని, కుప్ప దిగి పోయేది. ఆ తరువాత ఆయన కుప్పనంతా చేత్తో తడిమి చూసేవాడు. మా ఇంటి పరుపులోకి పిల్లి వెంట్రుక ఒక్కటి పోయిందని ఎవరైనా అంటే అది అబద్ధం. దూదేకే ఇళ్లలో గింజల కోసం ఎలుకలు చేరి దూదంతా పాడుచేస్తాయి కాబట్టి, ఆ పిల్లి వచ్చాకే మా నాయన పని దక్కింది.

సరోజమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరే. ఆదోనిలో పత్తి, శనక్కాయల వ్యాపారం చేసే సావుకారు ఇంటికి కోడలుగా పోయింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నవ్వు ముఖం. ఆమెను మెచ్చుకోని వాళ్లుండేవాళ్లు కాదు. ఆడబిడ్డ పెళ్లికి పరుపులు, దిండ్లు కుట్టమని దూది పంపించి, పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఒకరోజు తానే వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, దూది కుప్ప వైపు చూసింది.

"ఏమప్పా ఫక్కీరప్పా, మా ఆడబిడ్డ పెండ్లి దూదిలో పిల్లిని పండబెట్టినావే."

"అది మీ దూది కాదమ్మా. మీది లోపల బోరెంలో అట్లే ఉంది. ఇంకా ఇప్పల్యా" అన్నాడు మా నాయన.

"ఏ దూదైతే ఏముంది? ఇల్లు ఒగటే కదా. పిల్లి ఎంటికలు పడిన పరుపు మీద కొత్త పెండ్లికూతురు పండుకుంటే వియ్యాలోళ్లు మమ్మల్ని ఏమనుకుంటారు? ఈ ఇంట్లో ఈ పిల్లి అన్నా ఉండల్ల, నా దూదన్నా ఉండల్ల."

ఆమె గొంతు పెంచలేదు. నవ్వుతూనే అంది. సరిగ్గా అప్పుడే మా పిల్లి కుప్ప మీంచి దూకి, దూది నింపిన గోనె బోరెం మూలలోంచి పోతున్న ఎలుకను పట్టింది. సరోజమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, చాలాసేపు దాన్నే చూసింది. "ఎలకల్ని బాగా పడ్తాదే" అంది. మా పిల్లిని మెచ్చుకుందని నేను పొంగిపోయాను. ఆమె పోయేటప్పుడు నేనే పరిగెత్తి చెప్పులు ముందుకు జరిపాను. ఆ చెప్పులు జరిపిన సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి వారం బడి నుంచి వచ్చేసరికి పిల్లి లేదు. మా అమ్మ నా ముఖం చూడకుండా, "నాయన ఆదోనికి పంపిచ్చినాడు బిడ్డా. మంచి ఇల్లంట. పాలు పోస్తారంట" అంది. ఎవరిల్లని అడిగితే తెలియదంది. మిగతాది జేజి చెప్పింది. ఒక మనిషి గోనెసంచి తెచ్చాడట. నాయన తన చేతులతోనే దాన్ని సంచిలో వేసి, దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా సంచిని గిరగిరా తిప్పి ఇచ్చాడట. "అరిసిందా?" అని అడిగాను. "అరవకుండా ఉంటాదా?" అంది జేజి.

ఇప్పుడు పిల్లి తప్పిపోతే ఫొటో తీసి ఊరంతటికీ ఫోన్లలో పంపుతున్నారు. కుక్క చచ్చిపోతే దండ వేసి, పెద్దవాళ్లు కూడా సిగ్గుపడకుండా ఏడుస్తున్నారు. మంచిదే. మా కాలంలో పిల్లి కోసం ఏడిస్తే నవ్వేవాళ్లు. బడిలో మా పంతులు ఎందుకేడుస్తున్నావని అడిగి, కారణం విని, క్లాసుకంతటికీ చెప్పాడు. అందరూ మ్యావ్ మ్యావ్ అన్నారు. ఇంట్లో జేజి, "మనిషి పోతేనే మూడోదినం జియారత్ చేసి పనిలో పడ్తాం. పిల్లి కోసం ఎన్నాళ్లే?" అని కసిరింది. నా మణికట్టు మీద అది ఆడుతూ గీరిన గీత ఒకటి ఉండేది. అది మానకుండా రోజూ గోటితో గిల్లుకునేదాన్ని. మా అమ్మ మాత్రం, తాను తినే ముందు, దాని కొబ్బరి చిప్పలో పిడికెడు అన్నం అలవాటుగా వేసి, వేశాక గుర్తొచ్చి, తీసి కోళ్లకు చల్లేది. అది సంచిలోంచి తప్పించుకుని వస్తుందని నేను ఆదోని రోడ్డు వైపు తిరిగి అరుగు మీద కూర్చునేదాన్ని. బస్సులు వచ్చేవి, పోయేవి.

పెళ్లి పరుపులు తయారయ్యాక నాయన వాటిని బస్సు మీద కట్టించి, బడి లేని రోజు కావడంతో నన్ను కూడా ఆదోనికి తీసుకుపోయాడు. సరోజమ్మ ఇంటి కింద అంతా గోదాము, శనక్కాయ బస్తాలు. మీద ఇల్లు. మెట్లెక్కి, పరుపు దించి, నేను తలెత్తేసరికి కిటికీ పక్క మంచం మీద మా పిల్లి పడుకుని ఉంది. మెడకు ఎర్ర దారం. నన్ను చూసి ఎగిరి వచ్చి కాళ్లకు రుద్దుకుంది.

"ఇది మా పిల్లి" అన్నాను.

"మీదెట్లైతాదే? దీని పేరు లక్ష్మి. కింద గోదాములో ఒగ ఎలకను ఉండనిస్తే ఒట్టు" అంది సరోజమ్మ. అని దాన్ని ఎత్తుకుని, చంకలో పెట్టుకుని, మా నాయనతో పరుపుల మాట మాట్లాడింది. మా నాయన నేల చూస్తూ మాట్లాడాడు.

దిగి వచ్చాక బజారులో నేను నడవనని కూర్చున్నాను. "పిల్లి వద్దని చెప్పి, ఆమేమిటికి పెట్టుకున్నాది?" అని అరిచాను.

"అడిగింది, ఇచ్చినా. ఏం సెయ్యమంటావు? పెద్దోళ్లు అడిగినాక ల్యాదంటే రేపు పని యాడుంటాది మనకి? లే, లెయ్. బొరుగులు కొనిస్తా."

బొరుగులు తినలేదు. ఆ రోజే నాకు మొత్తం అర్థమైంది. వెంట్రుకల మాట ఉత్తదే. గడపలో నిలబడి మా పిల్లి ఎలుకను పట్టడం చూసినప్పుడే ఆమె గోదాము గుర్తొచ్చింది. అడిగితే మేం ఇవ్వం అంటామేమోనని ముందే మా ఇంటి మీద మైల వేసి పెట్టుకుంది.

ఆమె సొంత పరుపు ఒకటి ఇంకా కుట్టాల్సి ఉండింది. మా అమ్మ నీళ్లకు పోయిన సమయం చూసి, నేను గంపలోంచి శనక్కాయలు పిడికిళ్లతో తెచ్చి ఆ పరుపులో కూరుతున్నాను. ఎలుకలు పట్టి దాన్ని చించేయాలి, అంతే నాకున్న ఆలోచన. జేజి అక్కడే సూదికి దారం ఎక్కిస్తోంది. చూసింది. కొడుతుందనుకుని బిగుసుకుపోయాను. జేజి దారం పళ్లతో కొరికి, "మూలల్లో ఎయ్యి. నడుమ ఏస్తే ఈపుకు తగుల్తాయి, తెలిసిపోతాది" అంది. వేశాక ఆ మూలలు తానే దగ్గర దగ్గరగా కుట్టింది. జేజికి పిల్లి మీద ప్రేమ లేదు. సరోజమ్మ గడప అవతలే నిలబడి మాట్లాడటం మాత్రం జేజి మర్చిపోలేదు.

విత్తింది మేమే గానీ పంట మేం అనుకున్న చోట పండలేదు. పరుపు పంపిన కొన్ని నెలలకు సరోజమ్మ కబురు పెట్టింది. పరుపు మూలలన్నీ చీలికలు పేలికలైపోయాయి. చించింది ఎలుకలు కాదు. ఎలుకల వాసన పట్టి మా పిల్లే గోళ్లతో చీల్చింది. నాయన విల్లు భుజాన వేసుకుని నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

"ఏం కుట్టినావప్పా? ఆరు నెల్లు కూడా ఉండల్యా" అంది సరోజమ్మ.

మా నాయన మోకాళ్ల మీద కూర్చుని చిరిగిన మూలలో చెయ్యి పెట్టాడు. చేతికి శనక్కాయ పొట్టు వచ్చింది. నావైపు చూశాడు. పిడికిలి మూసి, ఆ పొట్టంతా చొక్కా జేబులో వేసుకున్నాడు. "దారం పాతదమ్మా. తప్పు నాదే. మళ్లా ఏకి కుట్టిస్తా" అన్నాడు.

వాళ్ల పెరట్లో వేపకొమ్మకు విల్లు కట్టి, ఎండలో, ఒక్క పైసా అడగకుండా ఆ దూదంతా మళ్లీ ఏకాడు. నారి మోగగానే మా పిల్లి మిద్దె మీంచి దిగి వచ్చింది. వచ్చి తిన్నగా దూది కుప్ప ఎక్కి, ముడుచుకుని పడుకుంది. నేను భయపడి లేపబోయాను. సరోజమ్మ మెట్ల మీద కూర్చుని జడ అల్లుకుంటూ, "పోనీలేవే, పండుకోనీ. దానికి దూదంటే ఇష్టం" అంది.

అదే పిల్లి. అదే దూది. మా ఇంట్లో అయితే మైల, వాళ్ల ఇంట్లో అయితే ముచ్చట. ఈ ఒక్క మాట కోసమే ఆమెను నేను క్షమించలేదని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పొద్దుగూకే ముందు మేం బయలుదేరితే పిల్లి వీధి గుమ్మం దాకా మా వెనకే వచ్చింది. నేను పిలిచాను. ఒక అడుగు బయట పెట్టింది. లోపలి నుంచి సరోజమ్మ, "లక్ష్మీ" అంటూ పాలగిన్నె గచ్చు మీద పెట్టిన చప్పుడైంది. అది చెవులు అటు తిప్పింది. నన్ను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, తోక నిలబెట్టుకుని లోపలికి పోయింది. బస్సులో మా నాయన జేబులోంచి శనక్కాయ పొట్టు తీసి కిటికీలోంచి పారబోశాడు. "ఆమెను కొట్టల్ల అనుకున్నావు. దెబ్బ ఎవురికి తగిలింది?" అని బొబ్బలెక్కిన అరచెయ్యి చూపించాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఆ బొబ్బలు కూడా సరోజమ్మ చేసినవే అని తీర్మానించుకున్నాను. ఇల్లు చేరేసరికి పాల కోసం నన్ను కాదనుకున్న ఆ పిల్లి మీద కూడా పగ పుట్టింది. దానికోసం ఏడవడం ఆ రోజుతో ఆగిపోయింది. దుఃఖానికి మందు లేదంటారు. నాకు పగే మందుగా పనిచేసింది. ఆకలి వేసింది, నిద్ర పట్టింది, బడిలో మార్కులు వచ్చాయి. పీర్ల పండక్కి చావిడి ముందు నిలబడి, పిల్లలందరూ చదువు అడుగుతుంటే, సరోజమ్మ గోదాములో ఎలుకలు పడాలని నేను స్వామిని అడిగాను.

రాసిపెట్టినట్టు నన్ను ఆదోనికే ఇచ్చారు, అదీ ఆమె ఉండే వీధి చివర ఇంటికి. అప్పటికి పిల్లి లేదు. ఎప్పుడు పోయిందో, ఎట్లా పోయిందో తెలియదు, అడగలేదు. ఆమెకు నేను ఎవరో గుర్తులేదు. టీచరమ్మా అని పలకరించేది. నేను తల ఊపి సాగిపోయేదాన్ని. ఆమె ఇచ్చిన పేరంటం తాంబూలం తీసుకోలేదు. ఆమె దుకాణంలో కొనలేదు. రానురాను మిల్లులు మూతబడ్డాయి, సావుకారు పోయాడు, గోదాము అమ్ముడుపోయి అక్కడ ఫోమ్ పరుపుల షాపు వచ్చింది. ఆ షాపు ముందునుంచి పోయేటప్పుడల్లా ప్లాస్టిక్ కవరు చుట్టిన ఆ పరుపులను చూసి, మా నాయన విల్లును కూడా ఈ ఇల్లే మింగింది అనుకునేదాన్ని. అది న్యాయం కాదని నాకు తెలుసు. పగకు న్యాయంతో పని లేదు.

పోయిన ఎండాకాలం మా మిద్దె మీద ఒక వీధి పిల్లి ఈనింది. షాహీన్ వాటికి పాలు పోసి, కావాల్సిన వాళ్లు తీసుకోవచ్చని వీధిలో చెప్పింది. సరోజమ్మ ఒక కూన కావాలని కబురు పెట్టింది. నేను లేవని చెప్పించాను. రెండు రోజులకు ఆమే గోడ పట్టుకుని, ఆగి ఆగి నడుచుకుంటూ వచ్చి మా వరండాలో కుర్చీలో కూర్చుంది. చూపు సగం పోయింది. ఒక్కతే ఉంటోంది. కూన ఒకటి తనంతట తానే ఆమె ఒడిలోకి ఎక్కింది.

"నాకొగ పిల్లి ఉండేది టీచరమ్మా" అంది దాని వీపు నిమురుతూ. "యాడ్నించి వచ్చిందో ఏమో, నాకోసమే వచ్చింది. మా ఆయన గోదాములో పండుకుంటే నాకు తోడు అదే. బిడ్డలు నిలవల్యా నాకు, తెలుసు కదా. ఇద్దరు పోయినారు. అప్పుడు నా కడుపు మీద పండుకునేది. ముసిల్దైపోయి నా సేతుల్లోనే పాణం ఇడిసింది. పెరట్లో యాపసెట్టు కింద పెట్టి, దూది పరిసినా. దానికి దూదంటే ఇష్టం. మనిషికి కూడా నేనట్ల ఏడ్సల్యా."

నా చేతిలో ఉన్న చేట కింద పెట్టేశాను. ఇన్నేళ్లూ పిల్లిని తీసుకుపోయిందనే అనుకున్నాను. దాని ముసలితనం, దాని చావు, దానికోసం ఏడవాల్సిన ఏడుపు, అన్నీ ఆమే తీసుకుంది. నాకు మిగిల్చింది ఆ గుమ్మంలో వెనక్కి తిరిగి పోయిన దాని వీపు ఒక్కటే.

"అది రాలేదమ్మా" అన్నాను. "మీరు తెప్పించుకున్నారు. ఎమ్మిగనూరులో ఫక్కీరప్ప ఇంట్లోంచి, గోనెసంచిలో. నేను ఆ ఫక్కీరప్ప కూతుర్ని, హుసేనిని."

ఆమె చెయ్యి ఆగింది. కళ్లు చికిలించి నా ముఖం వెతికింది. ఏమీ గుర్తు రాలేదో, అన్నీ వచ్చాయో నేను చెప్పలేను. "అట్లనా" అంది. తరువాత, "అయితే దానికి మీరేం పేరు పెట్టినారమ్మా? నేను లక్ష్మీ అంటే శానా దినాలు పలికేది కాదు. ఇంగో పేరేదో ఉండాదని నాకు అనిపిస్తానే ఉండె" అంది.

నేను లేచి ఆమె ఒడిలోంచి కూనను తీసుకున్నాను. "ఇది ఇచ్చేది కాదు. పేరు నాకు గుర్తులేదు" అన్నాను. ఆమె ఖాళీ ఒడిని కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుని, షాహీన్ చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది. ఆ తరువాత కూడా రెండుసార్లు షాహీన్‌తో అడిగి పంపించింది. కూనను కాదు, పేరును.

ఆ సాయంత్రం సరోజమ్మను సాగనంపి వచ్చి, తల మీద నీళ్లు పోసుకుని, షాహీన్ నా పక్కన కూర్చుంది. "పేరు సెప్పింటే ఏం పోతాండె మా? ముసిలామె మాటిమాటికీ దాన్నే తలుసుకునేది" అంది.

ఆ పేరు తెలిసినవాళ్లు నలుగురం. నాయన, అమ్మ, జేజి పోయారు. ఆ పిల్లి ఆమె ఇంట్లో అన్ని రోజులు ఏ పేరు కోసం లక్ష్మీ అంటే పలకలేదో ఆ పేరు ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు. షాహీన్ ఇంకా నావైపే చూస్తోంది. దానికీ చెప్పలేదు. ఇక్కడా రాయడం లేదు.